ఆటని వారాల్లో కొలవాలి

"వెన్బా" అనే వీడియో గేమ్ కింద ఈమధ్య ఒక రివ్యూ చదివాను. మొత్తం ఒక్క వాక్యం: గంటన్నరలో అయిపోయింది, డబ్బులు దండగ. కథ నచ్చిందో లేదో, ఆడుతుంటే చేతికి ఎలా అనిపించిందో, ఏదీ లేదు. అవును నిజమేనని కింద బొటనవేలు ఎత్తినవాళ్ళు మాత్రం బోలెడుమంది.

బండి కొనబోతే మన నోట్లోంచి ముందొచ్చే మాట "లీటరుకి ఎంతిస్తుంది?" అని. రంగు, సీటు, బ్రేకులు అన్నీ దాని తర్వాతే. ఆటల దగ్గరా అదే అలవాటు పట్టుకుంది. పెట్టిన వెయ్యి రూపాయలకి ఎన్ని గంటలొస్తాయి? నలభై వస్తే గిట్టుబాటు, నాలుగొస్తే మోసం. కొనేవాడు ఇలా అడుగుతుంటే అమ్మేవాడు ఊరుకుంటాడా, వాడూ గంటలే చూపిస్తాడు.

2022 జనవరిలో, డైయింగ్ లైట్ 2 విడుదలకి నెల ముందు, దాన్ని తయారుచేసిన పోలండ్ సంస్థ టెక్‌ల్యాండ్ ట్విట్టర్లో ఒక గొప్ప చెప్పుకుంది. తమ ఆటని మూలమూలలా వెతికి పూర్తి చెయ్యాలంటే కనీసం 500 గంటలు పడుతుందట. వార్సా నుంచి మాడ్రిడ్ దాకా నడిచి వెళ్ళడానికి ఇంచుమించు అంత పడుతుందని పోలిక కూడా వాళ్ళే ఇచ్చారు. జనం ఆహా ఓహో అంటారనుకుని ఉంటారు. జనం బెదిరిపోయారు. అప్పుడు సంస్థే కాస్త దిగొచ్చి, అబ్బే, అసలు కథ 20 గంటలే, పక్క కథలన్నీ కలిపితే 80, మిగిలిందంతా ఒక్క పుల్ల కూడా వదలననే పంతం ఉన్నవాళ్ళ కోసం అని సర్దిచెప్పింది.

ఆ 500 చూసి నేను వేసుకున్న లెక్క వేరు. పిల్లలు పడుకుని, మర్నాటి మీటింగులు చూసుకుని, రాత్రి పదింటికి కంట్రోలర్ పట్టుకోగలిగేది వారంలో రెండు రోజులు. మొత్తం మీద నాలుగు గంటలు. 500ని నాలుగుతో భాగిస్తే 125 వారాలు. అంటే దగ్గరదగ్గర రెండేళ్ళ ఐదు నెలలు. మా చిన్నది ఎల్కేజీలో చేరిన రోజు మొదలుపెడితే, అది ఒకటో తరగతి సగంలో ఉండగా నా ఆట పూర్తవుతుంది.

అప్పట్నుంచీ ఏ ఆట గురించి చదివినా అందులో రాసిన గంటల్ని నాలుగుతో భాగించడం అలవాటైంది. పెర్సోనా 5 వంద గంటలంటారు, అంటే 25 వారాలు. దసరాకి మొదలుపెడితే ఉగాదికి తేలుతుంది. అసాసిన్స్ క్రీడ్ వాల్‌హాలా ప్రధాన కథ అరవై గంటలంటారు, అది ఉగాదికి మొదలుపెడితే బోనాలకి. మొదటి పోర్టల్ నాలుగు గంటలు, ఈ వారమే. అంకెలు ఇలా మారేసరికి ఆటల మీద నా అభిప్రాయమూ మారింది. నేనిప్పుడు గట్టిగా నమ్మేది ఇది: కథ చెప్పే ఆట ఏదైనా సరే, ఉద్యోగం చేసుకునే మనిషికి నెల లోపల ముగియాలి. నా వారాల లెక్కలో అది పది నుంచి పదిహేను గంటలు.

ఎందుకు నెల అంటే దానికి కారణం ఉంది. అక్కడికి వస్తాను. ముందు అసలీ గంటల పిచ్చి ఎక్కడిదో కొంచెం.

నెట్ సెంటర్ రోజులు

మేం ఆటలు నేర్చుకుంది గుంటూరు బ్రాడీపేట నెట్ సెంటర్లలో. అక్కడ ఆట ఎన్ని గంటలని ఎవడూ అడిగేవాడు కాదు, జేబులో ఎన్ని గంటలకి డబ్బులున్నాయన్నదే ప్రశ్న. అందరూ ఆడింది ప్రాజెక్ట్ ఐజీఐ. 14 మిషన్లు. మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు. ఆట తయారుచేసిన నార్వేవాళ్ళు, ఎవరో ఇంట్లో కూర్చుని ఆడుకుంటారని చేసిన ఏర్పాటు అది. గంటకింతని కట్టి ఆడే మాకు అదో ప్రాణసంకటం. కంచె దాటి, కెమెరా తప్పించుకుని, ఆఖరి గదిలోకి అడుగుపెట్టేసరికి కౌంటర్ దగ్గర్నుంచి "టైమైపోయింది తమ్ముడూ" అని కేక. మరో అరగంటకి డబ్బులుంటే సరే, లేకపోతే రేపు మళ్ళీ మొదటి కంచె దగ్గర్నుంచే.

వైస్ సిటీ వచ్చాక సేవ్ చేసుకునే వీలు దొరికింది గానీ, కంప్యూటర్ మనది కాదుగా. ఎవరో సగం దాకా ఆడి వదిలేసిన సేవ్‌లో మేం కూర్చునేవాళ్ళం, మా తర్వాత ఇంకొకడు. ఆ కథ మొదలు నేను చూడలేదు. చివర చూసినవాడెవడో కూడా నాకు తెలియదు. అయినా అది గొప్ప ఆటే అనుకున్నాం. ఆ గంటలో ఏం జరిగిందన్నదే లెక్క.

ఆర్కేడ్‌లలోనూ అంతే. నాణెం పడితే రెండు మూడు నిమిషాలు ఆడించి దించెయ్యడమే ఆ యంత్రం పని. ఆట ఇంటికొచ్చి, ఒక్కసారే మొత్తం డబ్బు కట్టడం మొదలయ్యాకే నిడివి ఒక సమస్య అయింది. మొదట్లో దాన్ని కష్టంతో దాచారు. సూపర్ మారియో బ్రదర్స్‌లో ఉన్నది 32 లెవెళ్ళు. దారులు తెలిసి, చెయ్యి తిరిగినవాళ్ళు ఐదు నిమిషాల లోపే ముగించేస్తారు. మనకేమో వేసవి సెలవులన్నీ సరిపోలేదు. అమెరికాలో క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణాలు వచ్చాక ఇంకో ఎత్తు. అద్దెకి తెచ్చుకున్నవాడు శని ఆదివారాల్లో ఆట ముగించి తిరిగిచ్చేస్తే ఇక కొనడెందుకని, 1994 నాటి లయన్ కింగ్ ఆటలో రెండో లెవెల్‌నే అడ్డగోలుగా కష్టం చేశారు. ఆ కోతుల దగ్గర ఇరుక్కుపోయినవాళ్ళకి నేనేమంటున్నానో తెలుస్తుంది. తర్వాత కష్టం తగ్గింది, మ్యాపు, అంటే ఆటలో మనం తిరిగే జాగా, పెరిగింది. అద్దె భయం పోయింది గానీ, కొన్నవాడు తొందరగా ముగించేస్తాడేమోనన్న భయం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఐదు గంటల గొడవ

2015 ఫిబ్రవరిలో ది ఆర్డర్ 1886 వచ్చినప్పటి రభస గుర్తుండే ఉంటుంది. విడుదలకి ముందే ఎవరో మొత్తం ఆటని యూట్యూబ్‌లో పెట్టేశారు. చూస్తే ఐదు గంటల చిల్లర. అరవై డాలర్ల ఆట ఐదు గంటలేనా అని ప్రపంచమంతా విరుచుకుపడింది.

ఆ ఆట తర్వాతెప్పుడో సగం ధరకి దొరికితే ఆడాను. అది చిన్నదైపోయిందని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు, పైగా ఐదు గంటలూ ఎక్కువే అనిపించాయి. బొమ్మ కన్నుల పండగ, లండన్ పొగమంచు అద్భుతం. ఆడుదామంటే ఆట లేదు. నడువు, చూడు, చెప్పిన బటన్ నొక్కు, కాసేపు కాల్చు, మళ్ళీ చూడు. జనానికి కలిగిన అసంతృప్తి నిజమే. దానికి పేరు పెట్టడమే కుదరలేదు. ఆడేందుకు ఏమీ లేదని రుజువు చెయ్యడం కష్టం, ఐదు గంటలే ఉందని చూపించడం తేలిక. గంటలు అలా సాక్ష్యంగా పనికొచ్చాయి.

పోర్టల్‌ని చూడండి. నాలుగు గంటల ఆట. తక్కువైందని తిట్టినవాడు నాకు తారసపడలేదు. నేనీ ఉదాహరణ చెప్పినప్పుడల్లా మా ఆఫీసులో ఒకతను అడ్డం పడతాడు. 2007లో పోర్టల్ ఒంటరిగా రాలేదు కదా, ఆరెంజ్ బాక్స్‌లో హాఫ్ లైఫ్ 2, దాని రెండు ఎపిసోడ్లు, టీమ్ ఫోర్ట్రెస్ 2తో కలిపి ఇచ్చారు. కొసరుగా వచ్చినదాన్ని కొలిచేదెవరు? అదే పోర్టల్‌ని ఒక్కదాన్నే అరవై డాలర్లకి అమ్మి ఉంటే ఏమనేవాళ్ళు? దీనికి నా దగ్గర సరైన సమాధానం లేదు. బహుశా తిట్టేవాళ్ళే. కానీ అప్పుడు తిట్లు పడాల్సింది ధరకి. ఆట నాలుగు గంటలుండటం తప్పెలా అవుతుంది? ఆ నాలుగు గంటల్లో అది ఒక్క చిట్కాని మూడోసారి చూపించదు. గోడల మీద మనమే తెరుచుకునే రెండు ద్వారాలతో చేయగలిగినవన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతుంది, పేర్చడం అయిపోగానే ముగుస్తుంది.

చిన్న ఆటల నెత్తిన ఇంకో గుదిబండ ఉంది. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ 2015లో ఒక నిబంధన పెట్టింది: కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటే, అడిగితే డబ్బు వాపసు. కొనేవాళ్ళకి ఇది వరం, నేనూ వాడుకున్నాను. రెండు గంటల లోపే ముగిసిపోయే ఆట సంగతేంటి మరి? 2021 ఆగస్టులో ఎమికా గేమ్స్ పేరుతో సొంతంగా ఆటలు చేసుకునే ఒక డెవలపర్ ఇదే మొరపెట్టుకున్నారు. సమ్మర్ ఆఫ్ 58 అనే చిన్న దెయ్యాల ఆట. ఆడినవాళ్ళు బాగుందని రివ్యూలు రాశారు. చాలామంది మొత్తం ఆడేసి డబ్బు వెనక్కి తీసుకున్నారు. ఎన్నాళ్ళో తెలియదు గానీ ఆటలు చెయ్యడం ఆపేస్తున్నానని ఆ డెవలపర్ ప్రకటించారు. ఇలాంటిది చూసిన ఇంకో డెవలపర్ ఏం చేస్తాడు? తొంభై నిమిషాల కథలోకి ఒక పొడుగాటి నడవా, తాళంచెవి కోసం అటూఇటూ తిరుగుళ్ళు చేర్చి రెండు గంటలు దాటిస్తాడు. ఆ నడవాలో నడుస్తూ మనం ఆవలిస్తాం.

అమ్మ చివరిదాకా చూసిన ఆట

వెన్బా దగ్గరికొస్తాను. 2023లో టొరంటోలోని విసై గేమ్స్ చేసిన ఆట. 1980ల చివర్లో కెనడా వెళ్ళిన ఒక తమిళ దంపతులు, అక్కడే పుట్టి పెరిగే కొడుకు, తల్లి చేతి వంటలు. ధర పదిహేను డాలర్లు. నిడివి ఆ రివ్యూ రాసినాయన చెప్పినట్టు గంటన్నరే. 2024లో బ్రిటన్ అకాడమీ బాఫ్టా వాళ్ళు తొలి ఆటకిచ్చే బహుమతి, చిన్న సంస్థల ఆటల పండగ ఐజీఎఫ్‌లో పెద్ద బహుమతి రెండూ దీనికే వచ్చాయి.

మా అమ్మ హైదరాబాద్ వచ్చినప్పుడు ఒక మధ్యాహ్నం నేనిది టీవీలో పెట్టాను. నేనాడే ఆటలంటే అమ్మకి తుపాకుల మోత అని లెక్క, అందుకని చిక్కుడుకాయలు ముందేసుకుని అటు తిరిగి కూర్చుంది. తెర మీద ఇడ్లీ పాత్ర కనిపించేసరికి ఇటు తిరిగింది. వంటల పుస్తకంలో అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి, రేకులు ఏ వరసలో పెట్టాలో మనమే ఊహించాలి. నేను ఒకదాని మీద ఒకటి తిన్నగా పేర్చాను. "గుంట మీద గుంట పెడితే ఎలారా, తిప్పి పెట్టు" అంది. తిప్పి పెట్టాను, ఆట ముందుకి సాగింది. ఆ తర్వాత చిక్కుడుకాయలు అలాగే ఉండిపోయాయి. కొడుకు తల్లితో తమిళంలో మాట్లాడటానికి సిగ్గుపడే చోట ఏమీ అనలేదు గానీ, నా వైపొకసారి చూసింది. అమెరికాలో ఉన్న మా అన్నయ్య పిల్లల్ని తలుచుకుందని నాకర్థమైంది.

టీ వేళకి ఆట ముగిసింది. అమ్మ తన జన్మలో మొదలు నుంచి చివరిదాకా చూసిన వీడియో గేమ్ అదొక్కటే. ఊరెళ్ళిన చాన్నాళ్ళకి కూడా ఫోన్లో ఆ పిల్లాడి ఊసెత్తింది. ఇది పదిహేను గంటల ఆటైతే? మూడు రోజులు చూసి, నాలుగో రోజు తిరుగు ప్రయాణం బస్సెక్కేది. గంటన్నర ఉండబట్టే ఆటలు ఆడని మనిషి కూడా ఒక ఆటని పూర్తిగా చూడగలిగింది. డబ్బుకి గంటలు లెక్కేసే పద్ధతిలో దీనికి ఖరీదు కట్టే గడి లేదు.

అలాగని చిన్నదైతే చాలు, గొప్పదైపోతుందని నేననను. మన పుణెలో నోడింగ్ హెడ్స్ వాళ్ళు చేసిన రాజీ 2020లో వచ్చింది. తమ్ముణ్ణి రాక్షసులెత్తుకుపోతే వెతుక్కుంటూ వెళ్ళే పిల్ల కథ. దుర్గ త్రిశూలం, రాజస్థాన్ కోటల్లాంటి గోడలు. మన దేశంలో ఇలాంటి ఆట వచ్చిందని సంబరపడి కొన్నాను. ఐదారు గంటలకి అది ముగియలేదు, ఆగిపోయింది. కథ ఇప్పుడు అసలు మలుపు తిరుగుతుందనుకునే చోట పేర్లు పడటం మొదలైంది. చేసినవాళ్ళ చేతిలో డబ్బూ మనుషులూ తక్కువని నాకు తెలుసు, అందుకే దాని మీద కోపం లేదు. అయినా ఆ ఆట చిన్నదే అంటాను. దానికంటే ఎంతో తక్కువ నిడివి ఉన్న వెన్బాని అనను.

మేనల్లుడు ఒప్పుకోడు

ఇదంతా విని మా విజయవాడ మేనల్లుడు నవ్వాడు. ఇంటర్ చదువుతున్నాడు. "మామయ్యా, నీకు డబ్బులున్నాయి, టైము లేదు. నాకు టైముంది, డబ్బుల్లేవు" అన్నాడు. వాడికి పుట్టినరోజుకి ఒక ఆట వస్తుంది, మళ్ళీ పుట్టినరోజు దాకా ఇంకోటి రాదు. ప్లేస్టేషన్ 5 మీద ఆడే పెద్ద ఆట ఒక్కోటి ఐదు వేలు. ఐదు వేలు పోసి ఐదు గంటల ఆట కొనుక్కుని, మిగతా ఏడాదంతా ఏం చెయ్యాలి వాడు? లీటరుకి ఎంతిస్తుందన్న ప్రశ్న వాడికి సబబే. నాకూ వాడికీ ఒకే ఆటని ఒకే ధరకి అమ్ముతున్నారు, చిక్కంతా అక్కడే ఉంది.

వాడి వాదన నన్ను చాలా రోజులు తొలిచింది. నా నెల రోజుల సూత్రం నలభై దాటిన ఉద్యోగస్తుడి సొంత గోలేనా? కొంత అదే. ప్లేస్టేషన్ స్టూడియోల అధిపతిగా చేసి బయటికొచ్చిన షాన్ లేడెన్ 2020లో ఇంచుమించు ఇదే మాటన్నాడు. పెద్ద ఆటలు మళ్ళీ 12 నుంచి 15 గంటలకి తిరిగొస్తే సంతోషిస్తానని, ముందు తనే ఇంకా ఎక్కువ ఆటలు పూర్తి చెయ్యగలనని. ఆయనా కుర్రాడేం కాదు. కాకపోతే ఆయన బాధ ఇంకొకటి: అరవై గంటల ఆట చెయ్యాలంటే అయ్యే ఖర్చు, పట్టే ఏళ్ళు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 రాసినవాళ్ళలో ఒకడైన డాన్ హౌజర్ 2018లో వారానికి వంద గంటలు పనిచేశామని చెప్పి తిట్లు తిన్నాడు. అది నలుగురు రచయితల సంగతే, అదీ మూడు వారాలే అని తర్వాత వివరణ ఇచ్చుకున్నాడు. ఆ ఆట చివర్లో కదిలే పేర్లలో బెంగళూరు స్టూడియోవాళ్ళూ ఉన్నారు. మనం గుర్రం మీద పరుగెత్తిస్తూ కన్నెత్తి చూడని రాయినీ రప్పనీ ఎవరో రాత్రిళ్ళు కూర్చుని చెక్కారు.

మేనల్లుడికి తిరిగి ఒకటి అడిగాను. జీటీఏ 5 ఎన్నేళ్ళుగా ఆడుతున్నావు, కథ చివర ఏమవుతుంది? వాడికి తెలియదు. కథ సగంలో ఎప్పుడో ఆపేశాడు. ఊరికే కార్లో తిరుగుతాడు, పోలీసుల్ని రెచ్చగొడతాడు, కొండ మీంచి దూకుతాడు. వాడు కొనుక్కున్నది ఒక ఊరు. ఫోన్లో ఆడే బీజీఎంఐ, క్రికెట్ గేములు, టెట్రిస్ కూడా ఆ కోవలోవే, వాటికి నిడివి ఎంతుండాలని అడగడమే అర్థం లేని పని. నా సూత్రం వాటికి వర్తించదని అప్పుడే ఒప్పేసుకున్నాను. వాడు దాన్ని గెలుపు కింద లెక్కేసుకున్నాడు.

వదిలేసి తిరిగొస్తే

ఇప్పుడు నెల ఎందుకో చెప్తాను. నా చేతులకీ బుర్రకీ గుర్తుండేది అంతే.

ఒక భారీ ఆట మొదలుపెట్టాను. పేరు చెప్పను, దాని అభిమానులతో పెట్టుకోలేను. ముప్ఫై గంటల దాకా బాగానే నడిచింది. మాఘమాసంలో పెళ్ళిళ్ళు, వెనకే ఆఫీసులో రిలీజు, ఆ తర్వాత ఇంట్లో జ్వరాలు. మళ్ళీ తెరిచేసరికి మామిడిపళ్ళొచ్చేశాయి. నా మనిషి ఒక సంతలో నిలబడి ఉన్నాడు. గుర్రం ఎక్కుదామని బటన్ నొక్కితే పక్కనున్న దుకాణదారు మీద నాటుబాంబు విసిరాడు. ఊరంతా కత్తులు దూసి వెంటపడింది. ఎలాగో బతికి బయటపడి, చెయ్యాల్సిన పనుల చిట్టా తీస్తే అందులో ఉన్నది ఒకటే ముక్క: తిరిగి వెళ్ళి ఆమెతో మాట్లాడు. ఎవరావిడ? ఆవిడకి నేనేదో మాటిచ్చి ఉంటాను. ఆవిడ ఏడ్చిందని లీలగా గుర్తు. భర్తో తమ్ముడో పోయి ఉంటాడు. వెళ్ళి మాట్లాడాను, ఆవిడ నన్ను కౌగిలించుకుని కృతజ్ఞతలు చెప్పింది. దేనికో నాకు తెలియదు.

సరే, మళ్ళీ మొదట్నుంచి మొదలుపెడదామని పెట్టాను. కొన్నాళ్ళకి అదే సంత దగ్గర మళ్ళీ ఆగిపోయింది. ఆ ఆట మొదటి సగం మాత్రం నాకిప్పుడు కంఠతా వచ్చు. ఈ బాధ నాదొక్కడిదే అనుకోకండి. మీ దగ్గరున్న ఏ పెద్ద ఆటకైనా ట్రోఫీల జాబితా తెరిచి, మొదటి అంకానికిచ్చే ట్రోఫీ ఎంత శాతం మందికి వచ్చిందో, ఆఖరి అంకానిది ఎంత మందికి వచ్చిందో పక్కపక్కన పెట్టి చూడండి.

అయితే నా సూత్రానికి లొంగని ఆట ఒకటుంది: విచర్ 3. ఏడాదిలో ఎక్కువ భాగం దాంతోనే గడిచింది, మధ్యలో ఎన్నిసార్లు వదిలేశానో. అయినా ఎప్పుడూ తప్పిపోలేదు. ఎందుకని ఆలోచిస్తే రెండు కనిపించాయి. అందులో వచ్చే బ్లడీ బారన్ అనేవాడి కథ దానికదే ఒక నవలిక. అది ముగిశాక ఆట కట్టేసి నెల్లాళ్ళు వేరే పని చూసుకోవచ్చు, మనసులో ఏదీ వేలాడదు. రెండోది, తిరిగొచ్చి ఆట తెరిస్తే, లోడయ్యేలోపు ఇప్పటిదాకా ఏం జరిగిందో కథానాయకుడి స్నేహితుడైన కవి దండేలియన్ గొంతు కథలా చెప్తుంది. ఇంతే. ఈ మాత్రం మర్యాదకే నేను ఏడాదంతా ఉండిపోయాను.

మిగతావాటిలోనూ ఇది అక్కడక్కడా ఉంది. 2010లో వచ్చిన ఆలన్ వేక్ ఆరు ఎపిసోడ్లుగా ఉంటుంది, ప్రతి ఎపిసోడ్ ముందూ గతంలో జరిగింది చూపిస్తారు. అవుటర్ వైల్డ్స్‌లో లోకం 22 నిమిషాలకోసారి మొదటికొస్తుంది, మనం తెలుసుకున్నదంతా మన అంతరిక్ష ఓడలోని చిట్టాలో గీతలు గీసి కలిపి ఉంటుంది. వారం తర్వాత వచ్చినా ఆ చిట్టా ముందు రెండు నిమిషాలు నిలబడితే చాలు. డ్రాగన్ క్వెస్ట్ 11 సేవ్ తెరవగానే కథ ఎక్కడిదాకా వచ్చిందో రాసి చూపిస్తుంది. 2004లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీదొచ్చిన పోకెమాన్ ఫైర్‌రెడ్ అయితే, కిందటిసారి మనం చేసిన చివరి పనుల్ని ఒక్కొక్కటిగా బొమ్మ కట్టి చూపించి, అప్పుడు కంట్రోలు మన చేతికిస్తుంది. పిల్లల ఆట అది, అరచేతిలో పట్టే యంత్రం.

బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ దారి ఇంకొకటి. మొదటి పీఠభూమి దిగగానే, దమ్ముంటే తిన్నగా కోటకెళ్ళి ఆఖరి రాక్షసుణ్ణి కొట్టెయ్యొచ్చు. అరగంట లోపల ఆట ముగించేవాళ్ళున్నారు. ఎప్పుడు ముగించాలన్నది మన చేతిలో ఉంది కాబట్టి దాని నిడివి గురించి నాకు ఫిర్యాదు లేదు. ఒక్క పుల్లా వదలననేవాళ్ళ కోసం అందులో 900 కొరాక్ విత్తనాలు దాచారు. అన్నీ ఏరుకొచ్చినవాడికి దక్కేది బంగారు రంగు పెంటముద్ద, నిజంగానే. మొత్తం ఏరాలన్న యావని ఇంతకంటే నవ్వుతూ వెక్కిరించిన ఆట నేను చూడలేదు.

రెడ్ డెడ్ రిడెంప్షన్ 2ని మాత్రం ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. అది నత్తనడక. గుర్రాన్ని తుడవాలి, కాఫీ కాచుకోవాలి, జింక తోలు వలవాలి. నెల రోజుల సూత్రం ప్రకారం అందులో సగం కత్తిరించెయ్యాలి. కత్తిరిస్తే కథలోని దొంగల ముఠా మనుషుల మధ్య బతికిన భావన పోతుంది, అది పోయాక చివరి అంకం మనల్ని ఏమీ చెయ్యదు. ఆ ఆటకి పొడుగే ప్రాణమని ఒప్పుకోవాల్సిందే. అలా పొడుగే ప్రాణంగా ఉన్నవి నూటికి ఎన్ని? మిగతావన్నీ అదే బందిపోటు స్థావరాన్ని పదకొండోసారి మన చేత ఊడిపించేవేగా. అసాసిన్స్ క్రీడ్ ఆటలు చేసే ఉబిసాఫ్ట్ వాళ్ళకే ఎక్కడో అనిపించినట్టుంది, 2023లో ఆ వరసలోని మిరాజ్‌ని పాత పద్ధతిలో చిన్నగా చేసి, ధర కూడా యాభై డాలర్లకి తగ్గించి వదిలారు. ధర తగ్గించడం నాకు ఆట కంటే ఎక్కువ నచ్చింది. మేనల్లుడి ప్రశ్నకి దొరికిన సమాధానం కూడా అదొక్కటే: ఆట చిన్నదైతే రేటూ చిన్నది కావాలి.

కాబట్టి ప్రస్తుతానికి నా పద్ధతి ఇలా ఉంది. కథ ఉన్న ఆటైతే పన్నెండు గంటల దాకా కళ్ళు మూసుకుని కొంటాను. రెండు గంటలదైనా సరే, వాపసు అడగను. పాతిక దాటిందంటే, వదిలేసి తిరిగొస్తే ఎక్కడున్నానో చెప్తుందా లేదా అని ముందు ఆడినవాళ్ళని అడుగుతాను. చెప్తుందంటే అరవైకైనా సిద్ధం. చెప్పదంటే డెబ్బై ఐదు శాతం తగ్గింపులో పెట్టినా ముట్టుకోను. ఎల్డెన్ రింగ్ మాటేంటని అడగబోయేవాళ్ళకి: దాన్ని కథ చెప్పే ఆట అనొచ్చా అన్నదే నాకింకా తేలలేదు, తేలాక రాస్తాను.